‘వస్తావా?’ అని మాత్రమే అడిగే షెడ్డు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు మాట. ఆగస్టు నెల. విశాఖపట్నంలో ఆ వారమంతా ముసురు. గాజువాక దాటాక, దుక్క ఇనుము తయారుచేసే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో లోపలి రైల్వేకి నేను ట్రాఫిక్ ఫోర్‌మన్‌ని. ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద కర్మాగారం కాదు ఇది. ఒక చిన్న బ్లాస్ట్ ఫర్నేసు, దాని దగ్గర నుంచి ఇనుము పోతపోసే యంత్రం దాకా పట్టాలు, లోకోలని మేం పిలిచే రెండు డీజిల్ రైలింజన్లు, ఒక షెడ్డు. ఆ షెడ్డులోని మనుషులకి పని పంచడం నా ఉద్యోగం.

మేము మోసేది కరిగిన ఇనుము. దాన్ని లాడిల్‌లో పోస్తారు. లాడిల్ అంటే లోపల వేడికి ఆగే ఇటుక పేర్చిన పెద్ద ఉక్కు బాల్చీ. అది చక్రాల బండి మీద కూర్చుని ఉంటుంది, లోకో దాన్ని మెల్లగా లాక్కుపోతుంది. వేడి పోకుండా పైన ఊక చల్లుతాం. పద్మనాభం ఊరి వైపు రైస్ మిల్లుల నుంచి బస్తాల్లో వచ్చే మామూలు వడ్ల ఊకే. అది నల్లగా మాడి, పైన దుప్పటిలా పరుచుకుంటుంది. చూడ్డానికి బూడిద కుప్పలా ఉంటుంది. దాని కింద ఏముందో మాకు తెలుసు.

బయటివాళ్ళు ఆ ఇనుముని చూసి భయపడతారు. మేము నీళ్ళని చూసి భయపడతాం. లాడిల్ మీద చినుకు పడితే ఆవిరై పోతుంది, ఏమీ కాదు. నిలిచిన నీటి మీద ఇనుము పడితే మాత్రం, అడుగున చిక్కిన నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పైనున్న ఇనుముని చిమ్మేస్తాయి. అందుకే వానాకాలంలో పట్టాల పక్కన చెంబుడు నీళ్ళు నిలిచినా మా కళ్ళు ముందు అక్కడికే పోతాయి.

ఇక షెడ్డు పద్ధతి చెప్పాలి. గోడకి ఒక రేకు బోర్డు, దాని మీద సర్వీసు ప్రకారం పేర్లు. ఓవర్‌టైమ్ పడితే ఫోర్‌మన్ ఆ బోర్డు ముందు నిలబడి పైనుంచి ఒక్కొక్కరినీ అడగాలి. అడిగే మాట ఒక్కటే: ‘వస్తావా?’ ‘చేయగలవా?’ అని అడగకూడదు. అలా అడగడం ఆ షెడ్డులో తిట్టు కింద లెక్క. నాకు ముందున్న ఫోర్‌మన్ ఎవరినో అలా అడిగితే, ఆ మనిషి టిఫిన్ క్యారేజీ తీసుకుని అప్పటికప్పుడు ఇంటికి వెళ్ళిపోయాడని చెప్పుకునేవారు.

బోర్డు మీద మొదటి పేరు అప్పలసూరిది. రోజూ పద్మనాభం నుంచి బస్సు మీద వచ్చేవాడు. పట్టాలు తప్పిన బండిని చేతితో తిప్పే జాకీలతో, పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లతో పైకెక్కించే రోజుల నుంచి ఉన్న మనిషి. తరువాత యాజమాన్యం హైడ్రాలిక్ రీరైలింగ్ సెట్టు కొన్నది. అంటే నూనె ఒత్తిడితో పైకి లేచే రెండు జాకీలు, ఒక పంపు, దూరంగా నిలబడి వాటిని నడిపే కంట్రోల్ టేబుల్. ఆ టేబుల్ మీద రెండు లీవర్లు. రెండూ కలిసి కదలాలి. ఒకటి ముందు పోయిందంటే ఎత్తుతున్న బండి పక్కకి ఒరుగుతుంది. దానికి ట్రైనింగ్ ఇప్పించి తెచ్చింది ఒక్క సలీమ్‌కి. పాతనగరం కుర్రాడు, వాళ్ళ నాన్నకి అక్కడ తాళాల దుకాణం. బోర్డు మీద సలీమ్ పేరు అడుగు నుంచి రెండోది.

అంతకు ముందు ఏడాది ఖాళీ వ్యాగన్ ఒకటి పట్టాలు తప్పితే నేను నేరుగా సలీమ్‌ని పిలిచాను. మర్నాడు అప్పలసూరి నా గదికి వచ్చి నిలబడ్డాడు.

“నా పేరు ఆ బోర్డు మీద దేనికండీ? తుడిసీండి” అన్నాడు. అంతే.

యూనియన్ ఫిర్యాదు చేసింది. ఒక షిఫ్టు పని ఆగింది. చివరికి ఒప్పందం రాసుకున్నారు: ఏ పనికైనా ముందు సీనియర్‌ని అడగాలి. తనకి ఆ పని రాదని సీనియర్ తన నోటితో చెబితేనే తరువాతివాడిని పిలవాలి. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ అంతమంది ముందు నిలబడి, నాకు రాదు అని ఏ మనిషి చెబుతాడు? అప్పలసూరి అసలు చెప్పడు. సంతకాలు అయిన సాయంత్రమే నాకు భయం మొదలైంది. వానలు పడినప్పుడల్లా అది పెరిగేది.

ఆ ఆగస్టు రోజున మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ, నిండు లాడిల్ పట్టాలు తప్పింది. వాన నీటికి ఒకచోట పట్టా కింది కంకర జారిపోయింది. బండి ముందు చక్రాలు దిగిపోయి, లాడిల్ మురుగుకాలువ వైపు ఒరిగి ఆగింది. ఆ కాలువ నిండా నీళ్ళు.

లోకో డ్రైవర్ పైడిరాజు బ్రేకులు బిగించి, చక్రాలకి అడ్డాలు వేసి షెడ్డుకి వచ్చాడు. యూనియన్ సెక్రటరీ కూడా అతనే. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే మనిషి, ఆ రోజు గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

ఫర్నేసు నుంచి ఫోను వచ్చింది. మళ్ళీ ఇనుము తీయాల్సిన సమయం చీకటి పడేలోపే ఉంది. ఈ లాడిల్ అడ్డు తొలగితేగానీ ఇంకో లాడిల్ ఫర్నేసు కిందికి చేరదు. తీయాల్సిన వేళకి తీయకపోతే ఇనుము ఫర్నేసు కడుపులోనే పెరుగుతుంది. అదింకో ప్రమాదం. కొత్తగా దిగిన షిఫ్టువాళ్ళు అక్కడ ఫర్నేసు పనిలో ఉన్నారు. కనుక బండిని ఎక్కించే పని, ఇంటికి బయలుదేరుతున్న షిఫ్టు మీద పడింది. అంటే ఓవర్‌టైమ్. అంటే బోర్డు.

నేను వెళ్ళేసరికి అందరూ బోర్డు ముందు ఉన్నారు. పైడిరాజు తన అలవాటు మానుకోలేక అప్పలసూరిని కదిలించాడు.

“ఏటి బావా, ఇంకా ఇక్కడే ఉన్నావు? పద్మనాభం బస్సు ఎల్లిపోద్ది.”

“బస్సుకేటి, ఇంకోటి వత్తాది. నా పేరు పైన ఉంటే నీకెందుకురా నొప్పి?”

ఎవరూ నవ్వలేదు. నేను అడిగాను.

“సూరీ, వస్తావా?”

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. బోర్డు వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

“వత్తాను.”

నేను భయపడిన మాట అదే. బోర్డు మీది పేర్ల వరసలో కిందికి దిగుతూ మిగిలినవాళ్ళని అడిగాను. కొందరు రామన్నారు. ఒకరికి జ్వరం, ఒకరికి ఇంట్లో పని. నిజమో భయమో నేను తరచి అడగలేదు. అలా దిగుతూ దిగుతూ సలీమ్ దాకా వచ్చాను. వస్తానన్నాడు. కానీ మా పద్ధతిలో చివర వచ్చినవాడు స్లీపర్లు మోస్తాడు. పై పేరుగలవాడు లీవర్ల దగ్గర నిలబడతాడు. సలీమ్ చేతిలో హెల్మెట్ పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

పైడిరాజుని పక్కకి పిలిచాను.

“ఆ టేబుల్ పని వచ్చింది సలీమ్ ఒక్కడికే. నీకూ తెలుసు.”

“తెలుసండీ. ఒప్పందం మీకూ తెలుసు. సూరి బావ రాదన్నాడేటి? వత్తానన్నాడు.”

“లాడిల్ ఒరిగి ఉంది పైడిరాజూ.”

“నాను సూడనేదేటండీ? నా ఎనకాలే కదండీ ఒరిగినాది.” గొంతు తగ్గించాడు. “నాకూ బయ్యంగానే ఉన్నాది. కానీ ఇయ్యాల ఆణ్ని దాటేసినారంటే ఆడు ఊరుకున్నా మిగతావోళ్ళు ఊరుకోరు. లోకో మీంచి దిగిపోమంటారు నన్ను. నాను దిగిపోతే ఆ లాడిల్‌ని పట్టుకునేవోడెవడు?”

అది బెదిరింపు కాదు. అతను కూడా నాలాగే ఇరుక్కున్నాడు. ఒరిగిన బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచింది అతని లోకోయే.

సైటు దగ్గరికి నడిచాం. వాన తెరిపిచ్చింది. కాలువలోని నీళ్ళు పంపుతో తోడిస్తున్నారు. పట్టాల చుట్టూ పొడి ఇసక పోయించాను. పోసిన ఇసక అంచులు నా కళ్ళ ముందే తడిసి నల్లబడుతున్నాయి. ఎన్ని బస్తాలు పోయించినా అడుగు నుంచి నీరు ఊరుతూనే ఉంది. పైన లాడిల్ అంచు దగ్గర మాడిన ఊక పగిలి, ఎర్రటి గీత కనబడుతోంది. ఒరిగిన వైపు ఆ గీత అంచుకి చాలా దగ్గరగా ఉంది.

జాకీలు పెట్టాం. పంపు మొదలైంది. అప్పలసూరి కంట్రోల్ టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. రెండు చేతులూ రెండు లీవర్ల మీద వేశాడు. సలీమ్ భుజం మీద స్లీపర్‌తో ఆగిపోయి ఆ చేతులనే చూస్తున్నాడు. లోకో కిటికీలోంచి పైడిరాజు చూస్తున్నాడు. అందరికీ తెలుసు. అప్పలసూరికీ తెలుసు. ఎవరూ అనలేరు.

అతని వేళ్ళు లీవర్ల మీద బిగుసుకున్నాయి. కదల్లేదు. తల తిప్పి నన్ను చూశాడు.

చేయగలవా అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట నేను అన్నానంటే అతను ‘సేత్తాను’ అంటాడు, అన్నవాడు లీవర్ తోసేస్తాడు. తరువాత ఆ ఎర్ర గీత ఎటు పోతుందో నాకు తెలుసు. అడక్కపోయినా కాసేపటికి తోస్తాడు. నిలబడి ఉన్నాడు కదా, తోయక ఏం చేస్తాడు?

అప్పుడు పాత పద్ధతి ఒకటి గుర్తొచ్చింది. చేతి జాకీల రోజుల్లో పని మొదలుపెట్టే ముందు అందరికంటే పెద్దవాడు తన చోటు తానే చెప్పుకునేవాడు. జాకీ దగ్గరా, చెక్కల దగ్గరా, తాడు దగ్గరా అని. కంట్రోల్ టేబుల్ వచ్చాక అలా అడగడం మానేశాం. పెద్దవాడి చోటు లీవర్ల దగ్గరే అని మాకు మేమే అనుకున్నాం.

“సూరీ,” అన్నాను, అందరికీ వినబడేలా. “పెద్దవాడివి. పూర్వం నీ చోటు నువ్వే చెప్పుకునేవాడివి. ఇవాళ నీకు ఏ చోటు కావాలి?”

అతను నన్ను చూశాడు. లీవర్లని చూశాడు. వంగి, లాడిల్ కింద చీకటిగా ఉన్న చోటుని చూశాడు. చేతులు తీసేశాడు.

“నాకు ప్యాకింగ్ కాడ కావాల.”

ప్యాకింగ్ అంటే, జాకీ బండిని వేలెడు ఎత్తినప్పుడల్లా కింద చెక్క దూర్చడం. జాకీ జారినా బండి ఆ చెక్కల మీదే కూర్చుంటుంది. అవి పెట్టేవాడు లాడిల్ ఒరిగిన వైపే, దాని కిందే ఉండాలి. ఏదైనా అయితే పరుగెత్తడానికి దారి లేని చోటు అది. అతన్ని లీవర్ల నుంచి తప్పిస్తే చాలనుకున్నాను. అతను ఏరి కోరి మృత్యువు పక్కన చోటు అడిగాడు. వద్దనలేకపోయాను. అడిగింది నేనే.

అప్పలసూరి సలీమ్‌ని పిలిచాడు. “ఇటు రా. ఆ దుంగ దించి ఈ లీవర్లు పట్టుకో. కింద ఏటవుతన్నాదో నీకు అక్కణ్నించి కనపడదు. నా నోరు ఇను. ‘ఊఁ’ అంటే ఎత్తు, ‘ఆపు’ అంటే ఆపు. మీ ట్రైనింగులో ఏటి సెప్పినా సరే.”

“సరే మామా.”

“బయ్యపడతన్నావా?”

“పడతన్నాను మామా.”

“మంచిది. సేతులు జాగర్తగా ఉంటాయి.”

అతను తువ్వాలు నీళ్ళలో ముంచబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పొడి తువ్వాలే తలకి చుట్టుకుని మోచేతుల మీద కిందికి దూరాడు. తడి గుడ్డ కూడా అక్కడికి తీసుకెళ్ళకూడదు.

“ఊఁ.”

సలీమ్ లీవర్లు కదిపాడు. బండి మూలిగింది. లేచింది. చెక్క దూరింది. “ఊఁ.” మళ్ళీ లేచింది. కింద నుంచి అతని గొంతు, పైన పంపు చప్పుడు, అంతే. ఆ వేడికి నా మొహం చర్మం బిగిసిపోతోంది, నేను దూరంగా ఉన్నాను. అతని కాళ్ళు మాత్రమే నాకు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ పక్కన ఇసక అంచు తడుస్తూ తడుస్తూ దగ్గరికి వస్తోంది. నేను దాని మీదే కళ్ళు పెట్టి, బస్తా మీద బస్తా పోయిస్తున్నాను.

బండి సగం పైగా లేచాక కర్ర విరుగుతున్నట్టు చిన్న చప్పుడైంది. ఎడమ జాకీ కింద వేసిన స్లీపర్ మెత్తబడిన నేలలోకి దిగుతోంది. లాడిల్ మరికాస్త ఒరిగింది. మాడిన ఊక చీలి, అంచు మీంచి ఒక ఎర్రటి ధార, బొటనవేలంత లావు, కిందికి జారింది. పొడి ఇసక మీద పడి పాకింది. చివరి కొసకి తడి తగిలింది.

తుపాకీ పేలినట్టు పేలింది. నిప్పురవ్వలు మా తలల మీంచి లేచాయి. నేను నేల మీద బోర్లా పడ్డాను. మిగిలినవాళ్ళు పడ్డారో పరుగెత్తారో చూడలేదు. పొగలోంచి అప్పలసూరి గొంతు ఒక్కటే వినబడింది.

“ఆపు! ఎడందాన్ని ఎత్తకు! కుడిది దించు! మెల్లగా!”

తల ఎత్తి చూశాను. సలీమ్ పడిపోలేదు. పారిపోలేదు. ఒరిగిన వైపు ఎత్తి సరిచేయాలని ఏ చేతికైనా అనిపిస్తుంది. అతనికీ అనిపించే ఉంటుంది. కానీ అక్కడ నేలే దిగిపోతోంది, ఎత్తితే ఇంకా దిగుతుంది. అతను ఆ గొంతు విన్నాడు. కుడి జాకీని దించాడు. పెదవులు వణుకుతున్నాయి, చేతులు వణకడం లేదు. లాడిల్ మెల్లగా వెనక్కి వచ్చి చెక్కల మీద కూర్చుంది. అప్పలసూరి అప్పటిదాకా దూర్చిన చెక్కలు అవి. అవి లేకపోతే కూర్చోడానికి అక్కడ నేల లేదు.

తరువాతది మామూలు పని. ఎడమ జాకీ కింద పొడుగు స్లీపర్లు అడ్డంగా పేర్చి బరువు పంచాం. మళ్ళీ ఎత్తాం. పక్కకి జరిపాం. దించాం. చక్రం పట్టా మీద కూర్చున్నప్పుడు వచ్చే ఆ బరువైన శబ్దం, నా సర్వీసులో అంతకంటే మంచి శబ్దం నేను వినలేదు. చీకటి పడకముందే పైడిరాజు లాడిల్‌ని లాక్కుపోయాడు.

అప్పలసూరి బయటికి వచ్చి కూర్చున్నాడు. చొక్కా చెయ్యి కాలి, ముంజేతి మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. సలీమ్ వచ్చి, అతని చేతికి మందు రాశాడు. తిరిగొచ్చిన పైడిరాజు లోకో కిటికీలోంచి అరిచాడు.

“బావా, ఉన్నావా? నేకపోతే నీ పేరు బోర్డు మీంచి తుడిసీమంటావా?”

“తుడిసీరా. అప్పుడు నువ్వు పైకెక్కుతావు. రేపు ఆ కింద దూరేది నువ్వే.”

ఈసారి అందరూ నవ్వారు. అవసరమైనదానికంటే ఎక్కువసేపు నవ్వారు.

రోజూ డైరీ రాయడం చదువుకునే రోజుల నుంచి నా అలవాటు. వాతావరణం, షిఫ్టు, పనికి వచ్చినవాళ్ళు, జరిగినది, ఆ వరసలో రాస్తాను. ఆ రోజు వాతావరణం రాసి కలం పెట్టేశాను. మిగిలింది మర్నాడు రాశాను.

కొన్ని వారాల తరువాత ఖాళీ లాడిల్ ఒకటి పట్టాలు దిగింది. ప్రమాదం లేని పని. అయినా పద్ధతి పద్ధతే. బోర్డు ముందు నిలబడ్డాను. వెనక అందరూ ఉన్నారు.

“సూరీ, వస్తావా?”

“వత్తాను.” ఆగాడు. చేతి మీద ఇంకా మచ్చ ఉంది. “లీవర్ల కాడ మాత్రం సలీమ్‌ని ఎట్టండి. నాకు ఆ పని రాదు.”

అందరూ అతని వైపు తిరిగారు. బోర్డు మీద రెండో పేరుగల మనిషి ముందుకొచ్చి, “నాకూ రాదండీ” అన్నాడు. మూడో పేరు పైడిరాజుదే. “నన్నడక్కండి, నాకు లోకో తప్ప ఏటీ రాదని మీకందరికీ తెలుసు” అన్నాడు. ఆ ఏడాది ఒప్పందం తిరగరాసినప్పుడు, ఓవర్‌టైమ్ సర్వీసు ప్రకారం, చోటు పని ప్రకారం అని రాసుకున్నాం. కానీ అసలు ఒప్పందం ఆ రోజే, ఆ బోర్డు ముందే అయిపోయింది. తరువాత సలీమ్ దగ్గర ఆ లీవర్ల పని నేర్చుకోవడానికి ముగ్గురు పేర్లిచ్చారు. రాదని ఒకసారి చెప్పుకున్నాకే కదా నేర్చుకోవడం.

అప్పలసూరి మరుసటి ఏడాది రిటైరయ్యాడు. ఆ తరువాత కొన్నాళ్ళకి నేనూ దిగిపోయాను. సర్వీసు పెద్దదా, నైపుణ్యం పెద్దదా అని ఇప్పటికీ కొందరు కుర్ర ఫోర్‌మన్లు నన్ను అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్కటే. తనకి రానిది రాదని చెప్పడానికి మనిషికి వీలు లేకుండా చేసిన పద్ధతి, ఎంత న్యాయంగా కనిపించినా, మనుషులని చంపుతుంది. ఆ రోజు ఆ నీటి పక్కన నేను ఇనుముకంటే ఎక్కువగా భయపడింది ‘వత్తాను’ అన్న ఆ మాటకి.

ఆ భయం ఇంకా పోలేదు. ఇప్పటికీ ఎవరైనా, ఏ పనికైనా, ఆలోచించకుండా ‘చేస్తాను’ అనేస్తే, నా కళ్ళు ముందు నేల మీద తడి ఎక్కడుందా అని వెతుకుతాయి.